వంటింట్లో విన్న తంతి

పోయిన గురువారం ఉదయం మా టీచరుగారు కన్నుమూశారు. రాంగోపాల్‌పేటలో మా పుట్టింటి మేడ మీద, కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని, కాఫీ సగం తాగి, మిగతా సగం గ్లాసులోనే వదిలేసి వెళ్ళిపోయారు. పాలగిన్నె తీసుకుని పైకి వెళ్ళిన మా వదిన రెండుసార్లు భుజం తట్టి చూసిందట. తిరుమలగిరిలో ఉన్న నాకు ఫోను చేసి, "టీచరమ్మ పోయింది. తక్లీఫ్ ఏం పడలే. మొఖం జూస్తే నిద్ర పోతున్నట్టే ఉన్నది. నువ్వు జెర జల్ది రా" అంది.

ఫోను పెట్టేశాక నా నోటి నుంచి వచ్చిన మొదటి మాట "హమ్మయ్య". ఏడుపు తర్వాత వచ్చింది. ఆటోలో వచ్చింది, మెట్లెక్కుతుంటే వచ్చింది, ఆమె కళ్ళజోడు మడిచి పెట్టెలో పెడుతుంటే ఇంకా ఎక్కువ వచ్చింది. కానీ ముందు వచ్చింది మాత్రం ఆ ఒక్క మాటే. పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు అలాంటి మాట రాయకూడదని నాకూ తెలుసు. పద్నాలుగేళ్ళ కిందట ఆమె పోయి ఉంటే నేను వేరే రకం వ్యాసం రాసి ఉండేదాన్ని, లేదా అసలు రాయలేకపోయేదాన్ని. ఎందుకో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఆంధ్ర, తెలంగాణ ఒకటైన కొత్తలో ఆమె కృష్ణ అవతలి నుంచి సికింద్రాబాదు వచ్చారు. ఇక్కడి మిషన్ హైస్కూల్లో లెక్కల టీచరు ఉద్యోగం. అప్పటికి ముప్ఫై దాటాయి. పెళ్ళి చేసుకోలేదు. ఒక ట్రంకు పెట్టె, ఒక బైబిలు, ఆవకాయ జాడీ, అంతే సామాను. కింద మా నాన్నకు కుట్టుమిషన్లు బాగుచేసే దుకాణం ఉండేది. మేడ మీది రెండు గదులు ఖాళీగా ఉంటే ఆమెకిచ్చాడు. నలభై ఏళ్ళకు పైగా ఆమె మళ్ళీ ఇల్లు మారలేదు.

మొదట్లో మా అమ్మకూ ఆమెకూ ఒకరి మాట ఒకరికి సరిగా అందేది కాదు. ఒకరోజు టీచరుగారు మెట్ల మీద నుంచి వంగి, "ఏమండీ, గోంగూరేమైనా ఉందా?" అని అడిగితే, గంప నిండా పుంటికూర ముందు పెట్టుకుని తెంపుతున్న మా అమ్మ, "గదేం కూరనో, మా దిక్కు దొరకదమ్మా" అంది. టీచరుగారు కిందికి దిగి వచ్చి గంపలోకి చూశారు. ఆమె అడిగిన గోంగూరే అది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకున్న నవ్వు నాకింకా గుర్తుంది. ఆ రోజు నుంచి ఆమె కూర మాకు వచ్చేది, మా కూర ఆమెకు పోయేది.

బళ్ళో మాత్రం నవ్వు తక్కువ. ఆమె క్లాసులో రబ్బరు తేకూడదు. లెక్క తప్పు చేస్తే చెరపడానికి వీల్లేదు. "అడ్డగీత కొట్టి పక్కన మళ్ళీ చెయ్యి. చెరిపేస్తే ఎక్కడ తప్పావో రేపు నీకే తెలీదు" అనేవారు. నా నోటుబుక్కులో తప్పులు చూసి మా నాన్న తలపట్టుకుంటే, "పర్వాలేదండీ, తప్పులన్నీ దాచుకుంది. తెలివైన పిల్లే" అని ఆమే సర్ది చెప్పారు.

పంద్రాగస్టు వచ్చిందంటే బళ్ళో ఎవరో ఒక పెద్దమనిషిని పిలిచి స్వాతంత్య్ర పోరాటం గురించి మాట్లాడించేవారు. టీచరుగారు వేదిక దగ్గరికి వచ్చేవారు కాదు. వెనక వరసల్లో తిరుగుతూ చిన్న పిల్లలకు పిప్పరమెంట్లు పంచేవారు. ఏడో తరగతిలో ఉన్నప్పుడు అనుకుంటాను, నేను ఉండబట్టలేక అడిగాను.

"టీచర్, అప్పటికి మీరు పెద్దగనే ఉన్నరు గదా. మీరేం చేసిండ్రు?"

"వంటింట్లో ఉన్నానే" అన్నారు. పిప్పరమెంటు నా చేతిలో పెట్టి ముందుకు వెళ్ళిపోయారు. ఆ జవాబు విని నాకు కొంచెం చిన్నతనంగా అనిపించింది. మా టీచరు కూడా జెండా పట్టుకుని నడిచి ఉంటే బాగుండేది కదా అనుకున్నాను.

ఇరవై ఏళ్ళు నిండేసరికి నాకు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరు ఉద్యోగం వచ్చింది. ఆమె కూర్చోబెట్టి చెప్పిన లెక్కల వల్లనే పరీక్ష గట్టెక్కాను. మైసూరుపాకు పట్టుకుని మేడ మీదికి పరిగెత్తితే, సంతోషించాల్సిన మనిషి ముందుగా, "తంతి విభాగమా, టెలిగ్రాములా?" అని అడిగారు. "కాదు టీచర్, టెలిఫోన్లే" అన్నాక గాని మైసూరుపాకు నోట్లో పెట్టుకోలేదు.

ఆ మాట ఎందుకు అడిగారో ఏడాది తర్వాత తెలిసింది. అప్పట్లో ట్రంకు కాల్ కలపాలంటే ఆపరేటరే కలపాలి. లైను సరిగా ఉందో లేదో చూడటానికి మధ్యలో వినాలి కూడా. ఒకరోజు డ్యూటీ దిగి నేరుగా మేడ మీదికి వెళ్ళి, ఒక పెద్దమనిషి తన భార్యతో ఒక మాట, ఇంకొకామెతో ఇంకో మాట మాట్లాడిన సంగతి నవ్వుతూ చెప్పడం మొదలుపెట్టాను. ఆమె బెండకాయలు తరుగుతున్నారు. కత్తిపీట వంచేశారు.

"ఇది ఇంకెవరికి చెప్పావు?"

"ఎవ్వల్కి చెప్పలే టీచర్. మీకే."

"నాక్కూడా చెప్పకూడదు. చెవిలో పడ్డది నోట్లోకి వస్తే ఎవరి కంచంలో అన్నం పోతుందో నీకు తెలీదు." లేచి వెళ్ళి తలుపు వేసి వచ్చి, "నా వల్ల మా నాన్న అన్నం పోయింది" అన్నారు.

ఆ సాయంత్రం ఆమె చెప్పింది ఇది.

తండ్రి కృష్ణ ఒడ్డున ఒక చిన్న ఊళ్ళో తంతి ఆఫీసులో తంతులు పంపే, అందుకునే సిగ్నలరు. ఊళ్ళో అందరికీ ఆయన తంతి మాస్టారు. ఆఫీసూ, వాళ్ళ ఇల్లూ ఒకే పెంకుటింట్లో ఉండేవి. మధ్యలో ఒక గోడ. గోడకు ఆ పక్క తంతి యంత్రం, ఈ పక్క పొయ్యి. టక్కుటక్కుమనే ఆ చప్పుడులో ఏ టక్కుకు ఏ అక్షరమో కూతురికి ఎనిమిదేళ్ళప్పుడు ఆయనే సరదాకు నేర్పాడు. ఒక్కతే కూతురు. వేసవి సెలవుల్లో తండ్రీకూతుళ్ళు భోజనాల బల్ల మీద చెంచాలు కొట్టి మాట్లాడుకునేవాళ్ళట. "ఉప్పు" అని ఈమె కొడితే ఆయన ఉప్పు అందించేవాడు. వాళ్ళమ్మ విసుక్కునేది.

క్విట్ ఇండియా ఉద్యమం వచ్చేసరికి ఆమెకు పదిహేడేళ్ళు. తనకు బళ్ళో పాఠం చెప్పిన మాస్టారొకాయన ఉద్యోగం వదిలేసి, నలుగురైదుగురితో కలిసి నది మధ్య లంకల్లో దాక్కుని కరపత్రాలు రాస్తున్నాడు. ఊరందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. తంతి మాస్టారు మాత్రం ఇంట్లో ఆ ఊసే ఎత్తనిచ్చేవాడు కాదు. "మనం తినేది గవర్నమెంటు ఉప్పు" అని ఒకే మాట.

ఒక మధ్యాహ్నం ఆమె పప్పుకు పోపు వేస్తోంది. గోడ అవతల చప్పుడు మొదలైంది. వినాలని వినలేదు, చెవికి అలవాటైన భాష కదా, దానంతటదే అర్థమైపోయింది. పోలీసు రహస్యాలు గుప్త సంకేతాల్లో వచ్చేవి, అవి ఎవరికీ తెలిసేవి కావు. ఇది మామూలు తంతి. రేపు ఉదయం రైలుకు అరవై మంది సిబ్బంది దిగుతున్నారు, రేవు దగ్గర భోజనాలు, పడవలు ఏర్పాటు చేయండి అని తాసిల్దారుకు.

"అరవై మందికి భోజనమంటే అరవై లాఠీలే" అన్నారు టీచరుగారు నాతో. "పోపు మాడిపోయింది. అమ్మ తిట్టింది. నాకు మాత్రం రేవు దగ్గర పడవలే కనిపిస్తున్నాయి."

వాళ్ళింటికి రోజూ లంక నుంచి పెరుగు తెచ్చే ఒకామె ఉండేది. చదువు లేదు, ఎవరితోనూ ఎక్కువ మాట్లాడదు. ఆ సాయంత్రం ఆమె కుండ దింపగానే ఈ అమ్మాయి దగ్గరికి వెళ్ళి, "రేపు మీ లంకకి అరవై మంది చుట్టాలొస్తున్నారు" అంది.

పెరుగామె తలెత్తి చూసింది. "ఆళ్ళకి పెరుగు తోడెయ్యమంటారా, ఇల్లు కాళీ చెయ్యమంటారా అమ్మాయిగారూ?"

"ఖాళీ చెయ్యండి."

పెరుగామె కుండ ఎత్తుకుని వెళ్ళిపోయింది. మర్నాడు పోలీసులు లంకలోకి వెళ్ళి ఖాళీ పాకలు చూసి, వండించిన భోజనాలు తిని తిరిగి రైలెక్కారు.

ఆ వానాకాలంలో అలా నాలుగుసార్లు జరిగింది. ఈ సంగతి చెబుతూ టీచరుగారు తన గొప్ప ఏమీ చెప్పుకోలేదు. "నేను చేసిందేముంది? పొయ్యి దగ్గర కూర్చుని విన్నాను. మోసింది ఆవిడ. ఏటికి నీళ్ళొస్తే కుండ నెత్తిన పెట్టుకుని రొమ్ము లోతు నీళ్ళలో దాటేది" అన్నారు. పెరుగామె ఎవరికీ దొరకలేదు. లంకల్లో దాక్కున్న బడి మాస్టారు, ఆయన మనుషులు కూడా టీచరుగారు ఆ ఊళ్ళో ఉన్నంతకాలం దొరకలేదు.

ఐదోసారి పోలీసులు రాలేదు. తంతి శాఖ నుంచి ఒక దొర వచ్చాడు. వార్త బయటికి పోతోంది, పోవడానికి తంతి ఆఫీసు తప్ప ఇంకో దారి లేదు. ఒక పూటంతా తలుపులు మూసి విచారణ జరిగింది. వంటింట్లో ఆమె పొయ్యి కూడా వెలిగించకుండా కూర్చుంది. గోడ అవతల మాటలు వినబడలేదు, గొంతులే వినబడ్డాయి. సాయంత్రం తండ్రి ఇంట్లోకి వచ్చి భార్యతో, "ఉద్యోగం పోయింది. మూడు రోజుల్లో ఇల్లు ఖాళీ చెయ్యాలి" అన్నాడు. కూతురి వైపు చూడలేదు.

తర్వాత ఆయన పక్క పట్నంలో కోర్టు వరండాలో కూర్చుని అర్జీలు రాసి బతికాడు. స్వాతంత్య్రం వచ్చిన మరుసటేడు ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. అన్నేళ్ళలో ఆమె ఒక్కసారి కూడా నిజం చెప్పలేకపోయింది.

"చెప్పానంటే, చెయ్యని తప్పుకి శిక్ష పడిందని, అది వేయించింది కన్నకూతురేనని ఆయనకి తెలుస్తుంది. చెప్పకపోతే, ఎవరు చేశారో తెలియక జీవితాంతం కుమిలిపోతాడు. రెండూ పాపమే. రెండింట్లో నాకు సులువైన పాపం చేశాను" అన్నారు ఆమె.

నేను అప్పుడు చిన్నదాన్ని. పెద్ద పరిష్కారం దొరికిందనుకుని, "ఇప్పుడు స్వాతంత్య్రం కోసం కొట్లాడినోళ్ళకు సర్కారోళ్ళు తామ్రపత్రాలు ఇస్తున్నరు టీచర్. మీరు సుత దరఖాస్తు పెట్టుకోండ్రి. నేను రాసిస్త" అన్నాను. ఆమె బెండకాయలు మళ్ళీ దగ్గరికి లాక్కుంటూ, "దాని మీద ఎవరి పేరు వేయించమంటావు? మోసిన ఆవిడ పేరు వాళ్ళకి తెలీదు. పోగొట్టుకున్న ఆయన లేడు. మిగిలింది నేను" అన్నారు. ఆ తర్వాత పదేళ్ళకు పైగా మా మధ్య ఆ మాట రాలేదు.

ఆమె రిటైరైన మరుసటేడు ఒక పని మీద మా ఆఫీసుకు ఒక పెద్దాయన వచ్చాడు. తంతి విభాగంలో రిటైరై, రైల్వేలో పనిచేసే కొడుకు దగ్గర మౌలాలిలో ఉంటున్నాడు. ఏదో కాగితం మీద సంతకం కావాలి, సంతకం పెట్టే అధికారి సీట్లో లేడు. కూర్చోమని చాయ్ తెప్పించాను. మాటల్లో, తాను మొదట ఉద్యోగంలో చేరిన ఊరు పేరు చెప్పాడు. అది టీచరుగారి ఊరు.

"అక్కడ తంతి మాస్టారని ఉండేవారమ్మా. నేను ఆయన కింద రెండో సిగ్నలర్ని. పని నేర్పింది ఆయనే. ఆయనకో కూతురుండేది, చాలా చురుకైన పిల్ల. ఇప్పుడెక్కడుందో ఏమో" అన్నాడు.

ఇక్కడే ఉంది, రాంగోపాల్‌పేటలో మా ఇంట్లోనే ఉంది అని చెప్పాను. ఆయన సంతోషించాల్సింది, కానీ మొహం పాలిపోయింది. "నన్ను చూడటానికి ఆవిడ ఇష్టపడదేమో. ఒకసారి అడిగి చూడమ్మా" అని చిరునామా రాసిచ్చి వెళ్ళిపోయాడు. ఆయనెందుకు అలా అన్నాడో నాకు అర్థం కాలేదు.

టీచరుగారు ఆ చీటీ తీసుకుని బైబిలులో పెట్టుకున్నారు. నెల గడిచింది, రెండు నెలలు గడిచాయి. ఎప్పుడు పోదామన్నా మోకాళ్ళ నొప్పి, లేకపోతే ఎండ. చివరికి ఒకరోజు, "ఆయన నాన్న పక్కనే కూర్చుని పనిచేసిన మనిషి. నాన్న ఎవర్ని అనుమానించాడో, ఎంత ఏడ్చాడో ఆయనకి తెలుసు. అది వినడానికి నాకు ధైర్యం లేదే" అన్నారు.

ఆ మాట మెట్ల దగ్గర బియ్యం చెరుగుతున్న మా అమ్మ చెవిన పడింది. అమ్మకు కథంతా తెలియదు, కష్టం మాత్రం తెలుసు. చాట పక్కన పెట్టి పైకి వచ్చింది.

"ఏందమ్మా టీచరమ్మా, ఎన్నేండ్ల సంది మోస్తున్నవ్? పోయి అడుగు. తిడితే తిట్టనీ. తిట్లకేం బరువుంటది? తెల్వకపోతేనే బరువు. పొల్లకు ఆదివారం సెలవుంది, దీన్ని ఎంబడి తీస్కపో."

ఆ ఆదివారం చర్చి అయిపోయాక మేమిద్దరం మౌలాలి బస్సెక్కాం. గుట్ట మీద దర్గా కనబడగానే ఆమె, "ఇక్కడ దిగి వెనక్కి పోదామా?" అన్నారు.

రైల్వే క్వార్టర్సులో ఆ ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. పెద్దాయన గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. కోడలు మంచినీళ్ళు తెచ్చింది. టీచరుగారు గ్లాసు అందుకోలేదు, కూర్చోలేదు. నిలబడే, బళ్ళో హాజరు పిలిచినట్టు గట్టిగా చెప్పేశారు.

"అప్పుడు ఆ తంతులు బయటికి చేరేసింది నేను. మా నాన్న కాదు. మీరూ కాదు. గోడ అవతల నుంచి నేను విని చెప్పాను. ఈ మాట ఎవరికో ఒకరికి చెప్పాలి, ఇక మీరే మిగిలారు."

పెద్దాయన ఆమెను చూస్తూ, "తెలుసమ్మా" అన్నాడు.

"మీకు తెలుసా?"

"నాకే కాదు. మీ నాన్నగారికీ తెలుసు."

అప్పుడామె కూర్చున్నారు. కూర్చున్నారనడం కంటే కుర్చీ అక్కడ ఉండటం అదృష్టం అనాలి.

పెద్దాయన ఎదురుగా మంచం మీద కూర్చుని మెల్లగా చెప్పాడు. "మొదటిసారి పోలీసులు ఖాళీ చేతుల్తో వెళ్ళిపోయిన నాడే మాస్టారికి తెలిసిపోయింది. ముందురోజు మీ ఇంట్లో పోపు మాడిన వాసన ఆఫీసులోకి వచ్చింది కదా. 'మా అమ్మాయి పోపు మాడ్చదోయ్' అన్నాడు నాతో. ఇంకేమీ అనలేదు. ఆ మర్నాడు ఇంట్లోంచి ఒక ఖాళీ బిస్కెట్ల డబ్బా తెచ్చి, తంతి యంత్రం వెనకాల, మూతి గోడవైపు తిప్పి పెట్టాడు. డబ్బా పెడితే చప్పుడు రెండింతలవుతుంది. 'ఏంటి మాస్టారూ?' అనడిగితే, 'ఈమధ్య సరిగా వినబడి చావట్లేదు' అన్నాడు. ఆయనకి వినబడకపోవడమేంటమ్మా! మూడో ఊళ్ళో తంతి మీట నొక్కే చెయ్యి ఎవరిదో చెప్పేవాడు. ఆ డబ్బా వెనక గోడ, గోడ వెనక మీ పొయ్యి."

టీచరుగారు అప్పుడు అడిగిన ప్రశ్న విని నాకు మతిపోయింది.

"ఏ రంగు డబ్బా?"

"నీలం రంగు. పైన గుర్రబ్బండి బొమ్మ ఉండేది."

"అది నాది!" అన్నారు ఆమె. "నా రిబ్బన్లు దాచుకునే డబ్బా. రిబ్బన్లన్నీ పీట మీద పోసేసి డబ్బా ఎవరో ఎత్తుకుపోయారు. పనిమనిషి మీద నేరం మోపానని అమ్మ నాకు రెండు దెబ్బలు కూడా వేసింది. నాన్న అక్కడే కూర్చుని అన్నం తింటున్నాడు, ఒక్క మాట మాట్లాడలేదు!"

అని నవ్వడం మొదలుపెట్టారు. నవ్వుతూనే ఏడ్చారు. ఏడుస్తూ మళ్ళీ, "రెండు దెబ్బలు తిన్నానండీ దాని కోసం" అని నవ్వారు. పెద్దాయన కోడలికి ఏం జరుగుతోందో తెలియక మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని నా వైపు చూసింది.

తేరుకున్నాక ఆమె, "మరి నాకెందుకు చెప్పలేదు?" అని అడిగారు.

"చెబితే మీరు భయపడి మానేస్తారని ముందు చెప్పలేదు. తర్వాత ఎందుకు చెప్పలేదో నాకు తెలీదమ్మా" అన్నాడు ఆయన. "ఒకటి మాత్రం చెప్పగలను. విచారణకి వారం ముందే డ్యూటీ రిజిస్టర్లో నా పేరు ఉన్నచోట కూడా తన పేరు రాసేసుకున్నాడు. దొర అడిగితే ఆ వేళలన్నీ తనవేనన్నాడు. నా ఉద్యోగం నిలబడింది. ఈ ఇల్లు, ఈ పిల్లలు, అంతా ఆ రాతే. ఊళ్ళో మాత్రం నేనే దొరకి చాడీలు చెప్పి మాస్టారి ఉద్యోగం ఊడగొట్టానని అనుకున్నారు. మీరూ అదే అనుకుని ఉంటారని నలభై ఏళ్ళుగా..."

టీచరుగారు కళ్ళు తుడుచుకుని, "మిమ్మల్నా? నన్ను నేను తిట్టుకోవడానికే నాకు తీరిక సరిపోలేదు" అన్నారు. ఈసారి ఇద్దరూ నవ్వారు. కోడలు కూడా ఊరికే నవ్వింది.

ఆ పూట అక్కడే భోంచేశాం. ఆమె మారు వడ్డించుకుని తినడం నేను చూడటం అదే మొదలు. వచ్చేటప్పుడు బస్సులో, "చివరి రోజుల్లో ఒకసారి నాన్న నా చెయ్యి పట్టుకుని, అమ్మాయ్, నీ చెవి మంచిదే అన్నాడు. నేను చర్చిలో పాటల గురించనుకున్నాను" అని చెప్పి, నా భుజం మీద తల పెట్టి నిద్రపోయారు. మా స్టాపు దాటిపోయింది. నేను లేపలేదు. బస్సు చివరి దాకా పోయి మళ్ళీ వెనక్కి వచ్చాక దిగాం.

ఆ తర్వాత పద్నాలుగేళ్ళు ఆమె ఎలా బతికారో చెబితే ఎవరికైనా మామూలుగానే ఉంటుంది. మామూలుగా బతికారు, అదే విశేషం. మధ్యాహ్నాలు నిద్రపోయేవారు. మా అన్న పిల్లలకు చెంచాలతో బల్ల మీద మాట్లాడటం నేర్పి, మా వదిన చేత తిట్లు తిన్నారు. పంద్రాగస్టుకు గల్లీ పిల్లలు పిలిస్తే వెళ్ళి, తన పేరు చెప్పకుండా పెరుగామె కథ చెప్పేవారు. "నడుము దాకా నీళ్ళు" అని ఒక పిల్ల అంటే, "నడుము కాదు, రొమ్ము దాకా" అని దిద్దేవారు. ఆ పెరుగామె ఏమైందో కనుక్కోమని మౌలాలి పెద్దాయన చేత ఉత్తరాలు రాయించారు. ఆమె పోయి చాలా ఏళ్ళయిందని, మనవరాలు ఆ లంకలోనే బళ్ళో టీచరుగా ఉందని జవాబు వచ్చింది. ఆ ఉత్తరం చదివిన రోజు టీచరుగారు పాయసం చేసి మూడు ఇళ్ళకు పంపారు. ఎందుకని అడిగితే, "టీచరైందటే!" అన్నారు.

నేను ఇంకోసారి తామ్రపత్రం మాట ఎత్తాను. ఈసారి కోప్పడలేదు. "మా నాన్నకీ వద్దు, నాకూ వద్దు. ఆయనకి తెలుసని నాకు తెలిసింది. ఇంకెవరికి తెలియాలి?" అన్నారు. మా అమ్మ పోయినప్పుడు పాడె పక్కన నిలబడి, "మౌలాలికి తోలింది ఈవిడే. నాకు ఈవిడ చేసిన మేలు ఏ దొరా చెయ్యలేదు" అన్నారు. అప్పటికి ఆమె భాషలోకి కూడా కొన్ని మా మాటలు వచ్చేశాయి. "తోలింది" మా అమ్మ మాటే.

చివరి మూడేళ్ళూ ఆమెకు చెవులు దాదాపు వినబడలేదు. నేను బాధపడి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి మిషను కొనిపెట్టాను. రెండు రోజులు పెట్టుకుని సొరుగులో పడేశారు. "వినాల్సింది మౌలాలిలో వినేశాను. ఇప్పుడు చెవులు కూడా రిటైరవ్వనీ" అని నవ్వారు. ఏదైనా చెప్పాలంటే పలక మీద రాసి చూపించేవాళ్ళం. నేను తొందరలో తప్పు రాసి చేత్తో తుడవబోతే నా చెయ్యి పట్టుకునేవారు. అడ్డగీత కొట్టాల్సిందే.

గురువారం సాయంత్రం సమాధి దగ్గర చాలామంది ఉన్నారు. ఆమె దగ్గర లెక్కలు నేర్చుకుని అమ్మమ్మలైనవాళ్ళు, మా గల్లీ పిల్లలు, మౌలాలి నుంచి పెద్దాయన కోడలు. పెద్దాయన పోయినేడే వెళ్ళిపోయాడు. పాస్టరుగారు ఆమె మంచి ఉపాధ్యాయురాలని చెప్పారు, అది నిజం. నేను ఏమీ మాట్లాడలేదు. మాట్లాడటం నాకు చేతకాదు కనుకనే ఇక్కడ రాస్తున్నాను.

నా కళ్ళ ముందు మాత్రం మొన్నటి ఆషాఢం ఉంది. లష్కర్ బోనాలు, మా సికింద్రాబాదు అమ్మవారి జాతర. ఆ ఆదివారం నేను పుట్టింటికి వచ్చాను. ఊరేగింపు మా గల్లీ మలుపు తిరిగేసరికి డప్పులతో కిటికీ రెక్కలు అదురుతున్నాయి. ఆమె ఒక్కరే పైన ఉన్నారని మెట్లెక్కి వెళ్ళాను. తెల్లచీర కట్టుకుని మేడ అంచున నిలబడి ఉన్నారు. కింద పసుపు, వేపాకులు, నెత్తిన బోనాలతో ఆడవాళ్ళు, ముందు చిందులేసే పోతురాజు. ఆమె కళ్ళు మూసుకుని, పిట్టగోడ ఇనుప కమ్మీ మీద అరచెయ్యి ఆనించి పెట్టారు. డప్పు దెబ్బ పడ్డ ప్రతిసారీ ఆ కమ్మీ సన్నగా వణుకుతోంది. నన్ను చూసి, నా చెయ్యి కూడా లాక్కుని ఆ కమ్మీ మీద పెట్టి, తన చెయ్యి దాని మీద వేశారు. గల్లీ దాటి డప్పులు దూరమయ్యేదాకా అలాగే నిలబడ్డాం, కింద జనం పల్చబడిపోయినా, ఇనుములో వణుకు ఆగేదాకా.